బాత్రూమ్ కోసం ఇల్లే తీసుకెళ్ళాం

మేం ఆర్‌వీ, అంటే చక్రాల మీద కదిలే ఇల్లు, అద్దెకు తీసుకున్నది ప్రకృతి మీద ప్రేమ పొంగి కాదు. మా నాన్న గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాలి కాబట్టి.

అమ్మానాన్నలు డాలస్‌లో మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నాన్నకి ప్రోస్టేట్ సమస్య. కారులో ఎక్కడికి బయల్దేరినా గంట దాటితే ఆపాలి. ఆపమని అడగడానికేమో ఆయనకి మొహమాటం, బండి నడిపేది అల్లుడైతే మరీనూ. "ఫర్లేదు బాబూ, పోనివ్వండి" అంటూనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. ప్రయాణం ఉందంటే చాలు, పొద్దుట్నించే మంచినీళ్ళు మానేస్తారు. యూటాలో జాయన్, బ్రైస్ కాన్యన్ పార్కులు వాళ్ళకి చూపించాలని మాకు ఎప్పట్నించో ఉంది. ఆ ఎడారి రోడ్ల మీద కొన్నిచోట్ల ఎంతసేపు పోయినా ఒక గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) కూడా కనిపించదు. ఎలాగా అని తర్జనభర్జన పడుతుంటే మా ఆయన అన్నారు, "మావయ్యగారికి దారిలో బాత్రూమ్ దొరకదనే కదా బెంగ? బాత్రూమే మనతో వస్తే?"

ఆర్‌వీ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా, హైవే మీద కుడి లేన్‌లో నింపాదిగా పోతూ మన ముందు అడ్డంగా ఉండే తెల్లబండి అని. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అందులో రకాలున్నాయని. క్లాస్ ఏ అంటే ఏకంగా బస్సు. క్లాస్ బీ అంటే వ్యాన్‌లోనే మంచం, పొయ్యి, బాత్రూమ్ ఇరికించింది, ఇద్దరికైతే హాయి. క్లాస్ సీ మధ్యరకం. మూతి వ్యాన్‌ది, వెనక గది, డ్రైవర్ నెత్తిమీదకి పొడుచుకొచ్చిన ఓ అటక, ఆ అటక మీదో మంచం. మేం అయిదుగురం. వెనక గదిలో అమ్మానాన్నలు, అటక మీద మా ఎనిమిదేళ్ళ వాడు, భోజనాల బల్లని కిందికి దించితే అయ్యే మంచం మీద మేమిద్దరం. (ఆ మంచం ఇద్దరికి సరిపోతుందని రాసినవాళ్ళు దానిమీద ఒక్క రాత్రైనా పడుకుని ఉండరు.) 28 అడుగుల బండి తీసుకున్నాం. మామూలు కారు లైసెన్స్ చాలన్నారు. ఆ మాటతో ధైర్యం రాలేదు సరికదా, ఇంత బండిని ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తున్నారా అని గుండె దడదడలాడింది.

మేం చేసిన తెలివైన పని ఒక్కటే. బండి కంటే ముందు చోటు బుక్ చేసుకున్నాం. జాయన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో సైట్లు (బండి నిలుపుకునే చోట్లు) రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో ఆరు నెలల ముందు, రోజుకో తేదీ చొప్పున తెరుచుకుంటాయి. తెరుచుకున్న నిమిషాల్లో అయిపోతాయి. నేను మూడు పొద్దులు తత్కాల్ టికెట్‌కి కూర్చున్నట్టు కూర్చుంటే కరెంటున్న సైటు దొరికింది. ప్రతి సైటుకీ ఎంత పొడవు బండి పడుతుందో అక్కడే రాసి ఉంటుంది. పాత పార్కుల్లో చాలా సైట్లు టెంట్లూ చిన్న బండ్లూ ఉన్న కాలంలో వేసినవి. ముందు 32 అడుగుల బండి తీసుకుని తర్వాత సైటు వెతుక్కుంటే ఏడవాల్సి వచ్చేది.

సెప్టెంబరు చివర్లో విమానంలో లాస్ వేగాస్ వెళ్ళి, అక్కడ బండి తీసుకున్నాం. తాళాలిచ్చే ముందు ఓ కుర్రాడు నలభై నిమిషాలు పాఠం చెప్పాడు. నేను ఫోన్‌లో మొత్తం వీడియో తీశాను, ఆ వారమంతా మాకదే గ్రంథం. మంచినీళ్ళకో ట్యాంకు. సింకు, స్నానం నీళ్ళు పోయేది గ్రే ట్యాంకు. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. పొయ్యికీ వేడినీళ్ళకీ హీటర్‌కీ ప్రొపేన్ గ్యాస్. ఫ్రిజ్ కరెంటు ఉంటే కరెంటు మీద, లేకపోతే ఆ గ్యాస్ మీదే నడుస్తుంది. మంట పెట్టి చల్లబరచడమేమిటని అమ్మకి చివరిదాకా నమ్మకం కుదరలేదు. ఆ రకం ఫ్రిజ్‌కి బండి సమంగా నిలబడి ఉండాలి, వాలుగా పెడితే సరిగ్గా పనిచేయదు. అందుకని చక్రాల కింద పెట్టుకునే ప్లాస్టిక్ దిమ్మలు ఓ సంచీ నిండా ఇచ్చారు. తలుపు లోపలి స్టిక్కర్ మీద ఇండియానాలోని ఎల్‌ఖార్ట్ పేరు చూశాను. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో చాలా భాగం ఆ ఊరి చుట్టుపక్కలే తయారవుతాయట.

నాన్న కరెంటాఫీసులో ముప్పై మూడేళ్ళు చేసి ఏఈగా రిటైరయ్యారు. కుర్రాడు సోఫాల గురించి చెబుతుంటే ఆయన మాత్రం, "ఫ్యూజు బాక్సు ఎక్కడో అడుగమ్మా" అన్నారు. అది చూపించాక గానీ స్థిమితపడలేదు.

చివర్లో కుర్రాడు మామూలుగా ఓ మాటన్నాడు. బండి కదులుతుండగా ఎవరూ లేచి తిరగకూడదు, అందరూ బెల్టు పెట్టుకుని కూర్చోవాలి అని. మా ఆయనా నేనూ మొహామొహాలు చూసుకున్నాం. ఇంత ఖర్చు పెట్టి బాత్రూమ్‌ని వెంట తీసుకెళ్తున్నాం, తీరా చూస్తే దాన్ని వాడాలంటే బండి ఆపాలి. ఆపాలంటే నాన్న అడగాలి! ఎక్కడ పడితే అక్కడ ఆపచ్చు కదా, రోడ్డు పక్కన కాస్త జాగా ఉంటే చాలని సర్దిచెప్పుకున్నాం.

మేం సంతకం పెట్టిన కాగితాల్లో పైకప్పుకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ రాదని ఉంది. దాంతో మా ఆయన ఓ కాగితం మీద '12 అడుగులు' అని పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ పక్కన అంటించారు. ఎత్తు అలా గుర్తుపెట్టుకోవచ్చు. తోక సంగతి మాత్రం దెబ్బ తినబోతేగానీ అర్థం కాలేదు. వెనక చక్రాలకి అవతల ఇంకో తొమ్మిది, పది అడుగుల బండి ఉంటుంది. మూతి కుడికి తిప్పితే తోక ఎడమకి విసురుతుంది. మొదటి గ్యాస్ స్టేషన్‌లోనే పంపు పక్కనున్న పసుపు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది. అప్పట్నించి ఎక్కడ మలుపున్నా నేను దిగి వెనక నిలబడి, లారీ క్లీనర్‌లా "రానీ... రానీ... రానీ... ఆపు!" అని అరవడం, ఆయన అద్దంలో నన్ను చూసుకుంటూ తిప్పడం. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది ఆ వారమే.

ఇక పెరుగు సంగతి. బజార్లు చేసుకుని పార్కింగ్‌లోంచి రోడ్డెక్కే మొదటి కుడి మలుపులోనే ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. పెద్ద పెరుగు డబ్బా ఎగిరి కిందపడి, మూతూడి, బండి మధ్యలోంచి వెనక గది దాకా పాకింది. ఆ తలుపుకి చిన్న గొళ్ళెం ఉంది, అది వేయాలని వీడియోలో కూడా ఉంది. అమ్మ బెల్టు తీసి లేవబోతే నాన్న కసిరారు. తర్వాతి పార్కింగ్ దాకా పది నిమిషాలు అందరం కాళ్ళు పైకెత్తుకుని, కదిలే పెరుగుని చూస్తూ కూర్చున్నాం. ఎంత తుడిచినా కొంత బల్ల కింది సందులోకి పోయింది. దాని కథ చివర్లో వస్తుంది.

ఐ-15 హైవే మీద జాయన్ దాకా 160 మైళ్ళు. కారులో రెండున్నర గంటలు, మాకు నాలుగున్నర పట్టింది. పెద్ద ట్రక్కు పక్కనుంచి పోయినప్పుడల్లా గాలికి బండి మొత్తం ఓ జానెడు పక్కకి జరిగేది. లోపల గిన్నెలూ గరిటెలూ మైక్రోవేవ్‌లో పళ్ళెం ఒకటే మోత. మర్నాడు గిన్నెకీ గిన్నెకీ మధ్య తువ్వాళ్ళు పెట్టాకగానీ ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. గంటకోసారి అమ్మ వెనకనుంచి, "బాబూ, ఓసారి ఆపుతారా, నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలి" అనేది. ఆపగానే నాన్న, "ఎలాగూ ఆపారు కదా" అంటూ లేచి వెళ్ళేవారు. అమ్మకి ఎప్పుడూ లేనిది ఇదేమిటా, షుగరేమైనా వచ్చిందా అని నాకు భయం పట్టుకుంది. మూడోసారి ఆగినప్పుడు గమనించాను. అమ్మ బాత్రూమ్ వైపే వెళ్ళలేదు. కిందికి దిగి, చీర కొంగు సర్దుకుని, కొండల్ని చూస్తూ నిలబడింది. నేనేమీ అనలేదు.

వాచ్‌మన్‌లో మూడు రాత్రులు. బండిని సైటులోకి ఎక్కించి, దిమ్మలు పెట్టి, కరెంటు తీగ తగిలించేసరికి ముప్పావు గంట. ఇక్కడ కరెంటుంది గానీ నీళ్ళ కనెక్షన్, మురుగు గొట్టం సైటు దగ్గర ఉండవు. ఎండ మండిపోతోంది. ఏసీ వేశాం, మైక్రోవేవ్‌లో ఏదో వేడి చేస్తున్నాం, అమ్మ కెటిల్ పెట్టింది. టప్పున అన్నీ ఆగిపోయాయి. నాన్న మొహం వెలిగిపోయింది. నేను వీడియో వెతికేలోపే బ్రేకర్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. "120 వోల్టులు, 30 ఆంపులు. మొత్తం మీద 3,600 వాట్లు. ఏసీకి పదమూడు ఆంపులేసుకో, మైక్రోవేవ్‌కి పన్నెండు, కెటిల్‌కి పన్నెండు. పడిపోక ఏం చేస్తుంది?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి కరెంటు ఆయన శాఖ. కెటిల్ పెట్టాలంటే ఏసీ ఆపాలి, మైక్రోవేవ్ వేయాలంటే ఆయన పర్మిషన్ తీసుకోవాలి. ఊళ్ళో కోతలు పెట్టిన మనిషి ఇక్కడికొచ్చి మాకూ కోతలు పెట్టారు.

నీళ్ళు అమ్మ శాఖ అయ్యాయి. మంచినీళ్ళ ట్యాంకు దాదాపు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. అయిదుగురికి మూడు రోజులు రావాలి. మేం వేగాస్‌లో ఎక్కించుకొచ్చిన నీళ్ళు మొదటి రోజే మూడోవంతు అయిపోయాయి, నేనూ మా ఆయనా షవర్ కింద నిలబడ్డాం మరి. అమ్మ మర్నాడు గిన్నెలు కడిగే ప్లాస్టిక్ టబ్బుని షవర్లో పెట్టి, చెంబు పెట్టింది. టబ్బుడు నీళ్ళతో ఒక్కొక్కరి స్నానం అయిపోవాలి. వేడినీళ్ళ ట్యాంకు ఆరు గ్యాలన్లే కాబట్టి అది కూడా సరిపోయింది. ఆర్‌వీ వాళ్ళు ఒళ్ళు తడుపుకుని నీళ్ళాపి, సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పుతారట, అదో పెద్ద చిట్కాలా చెబుతారు. చెంబు ముందు అదేమీ పనికిరాదు. బండి చూసి మొదటి రోజు అమ్మ అన్న మాట: "పెళ్ళైన కొత్తలో మేం అద్దెకున్న గది కన్నా నయమే ఇది."

పార్కులో ఏం చూశామన్నది పెద్దగా రాయను, ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయి. సీజన్‌లో జాయన్ కాన్యన్ లోపలికి సొంత బండి పోనివ్వరు, షటిల్ బస్సులో వెళ్ళాలి. మాకు అదే మంచిదైంది. బండి కదిలించకుండా, విప్పినవి మళ్ళీ కట్టకుండా మూడు రోజులు. మోటెల్‌లో అయితే పదకొండింటికి గది ఖాళీ చేయాలి, పెట్టెలు సర్దాలి. ఇక్కడ తెల్లారేసరికి నాన్న లేచి, తలుపు తీసి, మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఎదురుగా పడమటి కొండల కొసన ఎండ మొదలై, ఎర్రగా కిందికి దిగుతూ వచ్చేది. మధ్యాహ్నం కాళ్ళు లాగితే వచ్చి సొంత మంచం మీద పడుకునేవారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అది ఎంత పెద్ద సుఖమో మోకాళ్ళు అరిగాకగానీ తెలియదనుకుంటా.

నాలుగో రోజు పొద్దున బయల్దేరే ముందు డంప్ స్టేషన్, అంటే ట్యాంకుల్లో మురుగు వదిలే చోటు. అసలు పరీక్ష ఇదే. ట్యాంకు ఎంత నిండిందో చూపించే లైట్లలో బ్లాక్ ట్యాంకు మూడింట రెండు వంతులు చూపిస్తోంది. మాకు ముందు మూడు బండ్లు, వెనక రెండు. చేతికి గ్లవ్స్ వేసుకుని, లావుపాటి గొట్టం ఒక కొస బండికి బిగించి, రెండో కొస నేలలో కన్నంలో పెట్టాలి. ముందు బ్లాక్ వాల్వ్ లాగాలి, అది ఖాళీ అయ్యాక గ్రే. గ్రేలోని సబ్బునీళ్ళు పోతూపోతూ గొట్టాన్ని కడిగేస్తాయి. తిరగేసి చేస్తే గొట్టం నిండా మీరు చూడకూడనిది మిగులుతుంది. సైటులో మురుగు కనెక్షన్ ఉన్నా బ్లాక్ వాల్వ్ మాత్రం తెరిచి వదిలేయకూడదు. నీళ్ళు కారిపోయి, గట్టిది అడుగున గుట్ట కడుతుందట. అందుకే ట్యాంకు బాగా నిండాకే వదలాలి. ఖాళీ చేశాక అడుగున కాసిని నీళ్ళూ, కాస్త మందూ పోసి ఉంచాలి. పేపరు కూడా త్వరగా కరిగే రకమే వాడాలి.

మా ఆయన గ్లవ్స్ వేసుకుంటుంటే నాన్న వచ్చి, "మీరు ఉండండి బాబూ, నేను చేస్తాను. ఈ బండి నాకోసమే కదా తెచ్చారు" అన్నారు. మేం ఆ విషయం ఆయనతో ఎప్పుడూ అనలేదు. మా ఆయన ఓ క్షణం ఆగి, ఇంకో జత గ్లవ్స్ తీసి ఇచ్చారు. "అయితే గొట్టం కొస మీరు పట్టుకోండి మావయ్యగారూ, వాల్వ్ నేను లాగుతా." లాగారు. అద్దెకిచ్చినవాళ్ళు మాకిచ్చిన గొట్టానికి మధ్యలో సూది బెజ్జమంత చిల్లుంది. అందులోంచి సన్నటి ధార నిటారుగా లేచింది. నాన్న వెనక్కి దూకలేదు. బొటనవేలితో చిల్లు మూసి, "కానివ్వండి, కానివ్వండి" అన్నారు, ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి మనుషుల్ని పురమాయిస్తున్నట్టు. వెనక బండిలోని పెద్దాయన దిగి వచ్చి, తన దగ్గరున్న వెడల్పాటి టేపు ముక్క ఇచ్చి, మీకిది మొదటిసారా అని అడిగి నవ్వాడు. ఆ తర్వాత మా ఇంట్లో బ్లాక్ ట్యాంకు మాట టిఫిన్ల దగ్గర కూడా నడిచింది. "ఎంతుంది తాతయ్యా?" "సగం రా."

జాయన్ నుంచి తూర్పుకి పోవాలంటే కొండలోంచి తొలిచిన సొరంగం దాటాలి. 1930లో పూర్తయింది, పొడవు 1.1 మైళ్ళు. అప్పటి కార్లకి సరిపడా తవ్వినది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ ఉన్న బండి తన లేన్‌లో పట్టదు. మేం వెళ్ళినప్పుడు గేటు దగ్గర 15 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకుంటే, రేంజర్లు ఉండే వేళల్లో ఎదుటి ట్రాఫిక్ ఆపి, మనల్ని నడిమధ్యన పోనిచ్చేవారు. 2026 జూన్ నుంచి పెద్ద బండ్లని ఆ రోడ్డు మీదికి రానివ్వబోమని పార్కు ప్రకటించింది. కాబట్టి మా దారి పట్టాలనుకునేవాళ్ళు బండి కొలతలు ముందు చూసుకుని, చుట్టుదారికి టైమ్ ఉంచుకోవాలి. మాకైతే ఆ చీకట్లో, ఎదురుగా ఎవరూ రాని దారిలో, మధ్యమధ్య కొండకి తొలిచిన కిటికీల్లోంచి వెలుగు కోసుకుంటూ పోతుంటే, మా వాడు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. ఎన్నో కిటికీ దగ్గరో గొడవపడి లెక్క తప్పారు తాతామనవళ్ళు.

బ్రైస్ కాన్యన్ ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు కూడా ఉండదు, బండి బ్యాటరీయే దిక్కు. పగలు జనరేటర్ వేసుకోవచ్చు గానీ దానికి నిర్ణీత వేళలుంటాయి, రాత్రి వేస్తే పక్కవాళ్ళు ఊరుకోరు. పగలంతా ఎండలో తిరిగి వచ్చి పడుకున్నాం. చలి మొదలైంది, హీటర్ పెట్టాం. గ్యాస్ హీటరే కదా, బ్యాటరీతో పనేముందిలే అనుకున్నాం.

రాత్రి మూడింటికి కూత. చెవులు చిల్లులు పడేలా, ఆగి ఆగి. నేల దగ్గరున్న గ్యాస్ అలారం. ఒక్క ఉదుటన లేచి, తలుపు తీసి, మావాడిని దుప్పట్లో చుట్టి, అందరం చెప్పులైనా లేకుండా బయటపడ్డాం. వాసనేమీ లేదు. ప్రొపేన్‌కైతే లీకు తెలియడానికి కుళ్ళిన గుడ్డు వాసన కలుపుతారు, కానీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదు. కాబట్టి అప్పుడు బయటికి రావడమే సరైన పని, ఇప్పుడు మీకు కూత వినిపించినా అదే చేయండి. కొంచెంసేపు చూసి మా ఆయన ముక్కుకి కండువా కట్టుకుని వెళ్ళి (దానివల్ల ఏం లాభమో నాకిప్పటికీ తెలీదు) అలారం మీద రాసి ఉన్నది ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చారు. కూతల్లో తేడాలున్నాయి. మాది గ్యాస్ కూత కాదు. బ్యాటరీ వోల్టేజీ పడిపోయిందని కూత.

మంట గ్యాస్‌దే. ఆ వేడిగాలిని లోపలికి ఊదే ఫ్యాన్ మాత్రం బ్యాటరీ తింటుంది. నాన్నకి విషయం చెప్పగానే, "హీటర్ ఆపెయ్, లైట్లన్నీ తీసెయ్. లోడ్ తీస్తే వోల్టేజీ అదే లేస్తుంది" అన్నారు. నేను లోపలికెళ్ళి అన్నీ ఆపేశాను. ఇంకో నాలుగైదు కూతలు కూసి, ఆగిపోయింది. పిన్‌డ్రాప్ నిశ్శబ్దం.

బండి లైట్లు కూడా ఆరిపోయాక చుట్టూ చీకటి చిక్కబడింది. బ్రైస్ 2019 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు, అనవసరపు దీపాలు ఉండవు. పైకి చూశాం. పైన్ చెట్ల మధ్యలోంచి పాలపుంత అటు నుంచి ఇటు దాకా, సుద్దపొడి చల్లినట్టు. అమ్మ చెయ్యెత్తి, "అదుగో పిల్లలకోడి" అంది. కృత్తికల్ని వాళ్ళ ఊళ్ళో అలాగే అంటారు. చిన్నప్పుడు డాబా మీద పడుకుని ఎంత రాత్రయిందో దాన్ని చూసే చెప్పేదట వాళ్ళమ్మ. మావాడు నక్షత్రాలు కదులుతున్నాయా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. నాన్న చాలాసేపు మెడ వెనక్కి వాల్చి చూశారు.

"మా సెక్షన్‌లో ఎన్ని ఊళ్ళకి లైన్లు లాగించానో లెక్కలేదు" అన్నారు. "వీధి దీపం వెలిగిన రోజు టెంకాయ కొట్టేవారు. దీన్ని మాయం చేస్తున్నామని ఎవడికి తెలుసు?"

ఆ మాటలో బాధేమీ లేదు. వెంటనే, "పద, చలేస్తోంది, పిల్లాడికి జలుబు చేస్తుంది" అన్నారు. మిగతా రాత్రి ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, అయిదుగురం వెనక గదిలోనే ఒకరి మీద ఒకరం పడుకున్నాం. తెల్లారి నాన్న లెక్క వేసి చూపించారు. ఫ్యాన్‌కి ఏడెనిమిది ఆంపులు, మాకున్నది ఒక్క బ్యాటరీ, అందులో వాడుకోదగ్గది సగమే. మర్నాడు సాయంత్రం జనరేటర్ వేసి బ్యాటరీ నింపి, హీటర్‌ని తక్కువలో పెట్టి పడుకున్నాం. కూత రాలేదు. నాన్న మూడింటికి లేచి బయటికెళ్ళి చూసొచ్చారని అమ్మ చెప్పింది.

అక్కణ్ణించి కేపిటల్ రీఫ్ అనే ఇంకో పార్కుకి హైవే 12. అందాలు చూస్తూ పొమ్మంటారు, నేను మా ఆయన వేళ్ళనే చూశాను. ఎస్కలాంటే దాటాక ఒకచోట రోడ్డు కొండ వెన్ను మీదుగా పోతుంది, రెండు పక్కలా లోయే. రెయిలింగ్ ఉండదు. ఆ రెండు మూడు మైళ్ళూ ఎవరూ మాట్లాడలేదు, అమ్మ కూడా ఆపమనలేదు.

అక్కడి ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్ పాత పళ్ళతోటల మధ్యలో ఉంది. ఎప్పుడో 1880ల్లో ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబాలు మొదలుపెట్టిన తోటలవి, ఇప్పుడు పార్కువాళ్ళు చూసుకుంటున్నారు. యాపిల్స్ కోతకొచ్చి ఉన్నాయి, కోసుకోవచ్చని బోర్డు పెట్టిన తోటలో మనమే కోసుకుని తూచి డబ్బులు పెట్టాలి. దారిలో కనబడిన క్యాంప్ హోస్టు దంపతులతో నాన్న బాగా కలిసిపోయారు. ఇల్లమ్మేసి ఆరేళ్ళుగా ఆర్‌వీలోనే ఉంటున్నారట. పార్కు పని చేసిపెడితే సైటు ఉచితం. మరి ఉత్తరాలు, లైసెన్సు, ఓటు ఏ అడ్రసు మీద అని నాన్న అడిగారు. సౌత్ డకోటాలో అడ్రసు పెట్టుకున్నారు. ఇలా తిరిగేవాళ్ళలో చాలామంది ఆ రాష్ట్రమో, టెక్సాసో, ఫ్లోరిడానో ఎంచుకుంటారు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. "పిల్లలు ఒప్పుకున్నారా?" అని అడిగారు నాన్న. దానికి వాళ్ళేం చెప్పారో నాకు చెప్పలేదు.

ఖర్చు సంగతి చాలామంది అడిగారు. చవకేమీ కాదు. బండికి రోజుకి సుమారు 200 డాలర్లు, పైన మైళ్ళ లెక్క, జనరేటర్ గంటల లెక్క, గిన్నెలకీ దుప్పట్లకీ వేరే. దాదాపు 700 మైళ్ళు తిరిగాం, గ్యాలన్‌కి తొమ్మిది మైళ్ళిచ్చింది. కారు, రెండు మోటెల్ గదులు తీసుకుంటే కాస్త తక్కువే అయ్యేది. డబ్బు మిగుల్చుకోవడానికైతే ఆర్‌వీ తీసుకోకండి. ఇద్దరే ఉంటే, నడుము గట్టిగా ఉంటే, టెంటు చాలు. రోజుకో ఊరు మారే ప్లానున్నా వద్దనే అంటాను. విప్పడం, కట్టడం, దిమ్మలు పెట్టడంతోనే పొద్దు గడిచిపోతుంది. పెద్దవాళ్ళూ పసివాళ్ళూ ఉండి, ఒక్కోచోట రెండు మూడు రాత్రులు ఆగేట్టయితే మాత్రం మళ్ళీ తీసుకుంటాను. ఈసారి 25 అడుగులది. ఇంకోటి, బండి పక్కన నీడకోసం తెరిచే గుడారం ఉంటుంది చూశారా, దాన్ని రాత్రి తప్పకుండా చుట్టేయండి. మా పక్క సైటువాళ్ళది గాలికి విరిగి పైకప్పు మీద పడింది.

తిరుగుదారిలో ట్యాంకులు ఖాళీ చేసి, పెట్రోలు కొట్టించి, వేగాస్‌లో బండి అప్పగించాం. అదే కుర్రాడు. చుట్టూ తిరిగి చూశాడు, తోక చూశాడు, పైకెక్కి కప్పు చూశాడు, తల ఊపాడు. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. బ్లాక్ ట్యాంకు సరిగ్గా ఖాళీ చేశారా అని అడిగాడు. చేశామని ప్రమాణపూర్వకంగా చెప్పాం. వంగి వాల్వ్ చూశాడు, మళ్ళీ లోపలికెళ్ళి వాసన చూశాడు. ఏడు రోజుల ఎండకి, బల్ల కింది సందులో మా పెరుగు. దాన్ని వాడికి ఇంగ్లీషులో వివరించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. శుభ్రం చేయించడానికి 75 డాలర్లు పట్టుకున్నాడు. గొట్టం చిల్లు గురించి మేం అడిగితే మేనేజరుకి చెబుతానన్నాడు, అంతే.

రాత్రి డాలస్‌లో దిగి, పార్కింగ్‌లోంచి మా కారు తీసుకున్నాం. ఇంటికి నలభై అయిదు నిమిషాలు. మావాడు ఎక్కగానే నిద్రపోయాడు. ఫ్రీవే ఎక్కిన పావుగంటకి నాన్న ముందు సీటు వైపు వంగి అన్నారు, "బాబూ, ఎక్కడైనా కాస్త ఆపుతారా, నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలి."

మా ఆయన ఇండికేటర్ వేశారు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.